ఓవెర్న్ నేచురల్ వైన్: సీసా ఎంచుకోవడం నుంచి రెండో రోజు గ్లాసు దాకా

ఫ్రెంచ్ వైన్ అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేవి బోర్డో, బర్గండీ, షాంపేన్. ఓవెర్న్ పేరు చెబితే "అక్కడ కూడా వైన్ చేస్తారా?" అని అడుగుతారు. చేస్తారు. ఫ్రాన్స్ నడిమధ్యలో, చల్లారిన అగ్నిపర్వతాల పక్కన, కొద్దిమంది చిన్న రైతులు దాదాపు ఏ మందూ కలపకుండా చేసే వైన్ అది. ఉద్యోగం మీద క్లెర్మోన్-ఫెరాన్‌లో కొన్నేళ్ళు ఉన్నాను. మొదటి ఏడాదంతా ఈ వైన్ నాకు నచ్చలేదు. ఫ్రిజ్‌లోంచి తీయడం, మూత తీయడం, మొదటి గుక్కకే బాగుందో బాగోలేదో తేల్చేయడం, ఇదీ నా పద్ధతి. ఈ వైన్‌తో అలా కుదరదు, దానికి టైమ్ ఇవ్వాలి. కొనేటప్పుడు ఏం చూడాలో, ఇంటికి తెచ్చాక ఎంత ఆగాలో, గ్లాసులో పోశాక ఏం గమనించాలో వరసగా చెబుతాను. పారిస్, లండన్, న్యూయార్క్ లాంటి ఊళ్ళలో ఉంటే నేచురల్ వైన్ షాపుల్లో ఈ సీసాలు దొరుకుతాయి.

1. ముందు నేల గురించి తెలుసుకోండి

క్లెర్మోన్‌లో ఎక్కడ నిలబడినా నల్లటి కెథడ్రల్ కనిపిస్తుంది. అది లావా రాయితో కట్టింది. ఆ రాయి తవ్విన ఊరు వోల్విక్, మంచినీళ్ళ సీసాల మీద చూసే వోల్విక్ అదే. ఊరికి పడమరన దాదాపు 80 అగ్నిపర్వతాలు వరసగా ఉంటాయి. వాటిలో ఎత్తైనది 1465 మీటర్ల పుయ్ ద డోమ్. ఇక్కడ చివరిసారి భూమి బద్దలై సుమారు 7 వేల ఏళ్ళయింది. 2018లో యునెస్కో ఈ వరసని, దాని పక్కనున్న లిమాన్య్ అనే భూమి పగులునీ కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ద్రాక్షతోటలు మాత్రం ఈ కొండల మీద ఉండవు, తూర్పున దిగువనున్న వాలుల్లో ఉంటాయి. పడమటి నుంచి వచ్చే మబ్బుల్ని కొండలు అడ్డుకుంటాయి కాబట్టి ఇటువైపు వాన తక్కువ, ఏడాదికి 600 మిల్లీమీటర్ల లోపే. ద్రాక్షకి అది మేలు. వసంతంలో మంచు, వేసవిలో వడగళ్ళు మాత్రం ఒక్క రాత్రిలో పంటని ఊడ్చేస్తాయి.

కోరాన్, గెర్గోవి, షాంతుర్గ్ కొండలు దూరం నుంచి చూస్తే పైన కత్తితో కోసినట్టు బల్లపరుపుగా ఉంటాయి. లక్షల ఏళ్ళ కిందట, కొన్నిచోట్ల కోట్ల ఏళ్ళ కిందట, లావా లోయల్లోకి పారి గడ్డకట్టింది. చుట్టూ ఉన్న మెత్తటి సున్నపునేల వానకి, గాలికి కొట్టుకుపోయింది. గట్టి లావా మిగిలింది. అంటే ఒకప్పటి లోయ ఇప్పుడు కొండ నెత్తి మీద ఉంది. తోటలు ఉండేది దాని కింది వాలులో. అడుగున సున్నం కలిసిన బంకమట్టి, పైన దొర్లిపడిన నల్లరాళ్ళు. కొన్నిచోట్ల పెపెరైట్ అనే రాయి కనిపిస్తుంది. నీళ్ళతో నిండిన బురదలోకి లావా చొచ్చుకుపోయి, రెండూ కలిసి గట్టిపడితే అలా తయారవుతుంది. లేతరంగు రాయి మీద మిరియాల పొడి చల్లినట్టుంటుంది, పేరు కూడా దాన్ని బట్టి వచ్చిందే.

షాపువాళ్ళు "అగ్నిపర్వతం రుచి వస్తుంది, చూడండి" అంటారు. వేళ్ళు లావాని తాగి పండులోకి పంపవు. రాళ్ళున్న నేలలో నీళ్ళు నిలవవు, నల్లరాయి పగటి వేడిని పట్టి ఉంచుతుంది, ఎత్తు వల్ల రాత్రుళ్ళు చల్లగా ఉంటాయి. పండులో పులుపు పోకుండా నిలవడానికి ఇవన్నీ తోడవుతాయి. గ్లాసులో మీరు వెతకాల్సింది ఆ చురుకైన పులుపుని.

2. ఈ రైతులు ఇక్కడికే ఎందుకు వచ్చారో తెలిస్తే సీసా అర్థమవుతుంది

1890లలో ఈ పుయ్-ద-డోమ్ జిల్లాలో సుమారు 45 వేల హెక్టార్ల ద్రాక్ష ఉండేది. మిగతా ఫ్రాన్స్‌ని ఫిల్లోక్సెరా పురుగు తినేస్తుంటే, ఇక్కడికి అది ఆలస్యంగా వచ్చింది. ఆ కొన్నేళ్ళూ దేశానికి వైన్ పోసిన పెద్ద ప్రాంతాల్లో ఇదొకటి. తర్వాత పురుగు ఇక్కడికీ వచ్చింది, తెగుళ్ళు వచ్చాయి, మొదటి ప్రపంచ యుద్ధం మగవాళ్ళని తీసుకుపోయింది, మిగిలినవాళ్ళు మిషెలిన్ టైర్ల ఫ్యాక్టరీకి వెళ్ళిపోయారు. ఇప్పుడు మిగిలింది కొన్ని వందల హెక్టార్లు. ఫ్యాక్టరీ డ్యూటీ అయ్యాక ఇంటి వైన్ కోసం చూసుకునే చిన్న చిన్న మడులు మాత్రం అక్కడక్కడ బతికాయి. వాటిలో తీగలు పాతవి, కొన్నిటికి వందేళ్ళు కూడా దాటాయి.

1990ల చివరి నుంచి ఈ మడుల కోసమే బయటివాళ్ళు వచ్చారు. భూమి చవక, పేరు నిలబెట్టాలన్న టెన్షన్ లేదు, పాత తీగలు ఉన్నాయి. ఎక్కువగా కనిపించే ద్రాక్ష గమే (ఎర్ర వైన్ ఇచ్చేది), అందులోనూ గమే దోవెర్న్ అనే స్థానిక రకం. ఆ తర్వాత ఎర్ర వైన్ ఇచ్చే పినో న్వార్, తెల్ల వైన్ ఇచ్చే షార్డొనే.

3. మొదటి సీసాకి పేరు ఎంచుకోండి

షాపుకి ఈ పేర్లు రాసుకుని వెళ్ళండి.

మారీ, వాన్సాన్ త్రికో దంపతులది ఒర్సే ఊరు. వాళ్ళు తీసుకునేనాటికే ఆ తోటలో రసాయనాలు మానేసి చాలా ఏళ్ళయింది. మొదటిసారి తాగేవాళ్ళకి నేను ముందు చెప్పేది వీళ్ళ పేరే, ఎందుకంటే వైన్ శుభ్రంగా, తేటగా, భయపెట్టకుండా ఉంటుంది. జాన్ మోపెర్తుయి కంప్యూటర్ల ఉద్యోగం వదిలి తోటలోకి వచ్చాడు. ఆయన గమే ఎరుపు "పియెర్ న్వార్", అంటే నల్లరాళ్ళు. గులాబీ రంగు బుడగల వైన్ "పింక్ బుల్స్". పాత్రిక్ బుజు పేరు ఇప్పుడు ప్రపంచమంతా తెలుసు. వైన్ పాడవకుండా కలిపే సల్ఫైట్లు (గంధకపు మందు) ఆయన ఒంటికి పడవు, వాటిని పూర్తిగా వదిలేసి వైన్ చేయడం వెనక ఆ కారణం కూడా ఉంది. ఆయన బుడగల రోజే (గులాబీ రంగు వైన్) "ఫెస్తెజార్" చాలామందికి ఓవెర్న్‌తో మొదటి పరిచయం. వోల్విక్ దగ్గర వాన్సాన్ మారీ ఉన్నాడు. నార్మండీ నుంచి వచ్చాడు, రాక్, మెటల్ సంగీతమంటే ప్రాణం. తన డొమేన్‌కి, అంటే తోటా సెల్లారూ కలిసిన సంస్థకి, "నో కంట్రోల్" అని, సీసాలకి "మాగ్మా రాక్", "ఫ్యూజన్" అని పేర్లు పెట్టుకున్నాడు.

పియెర్ బోజే, ఓరెలియాన్ లెఫోర్ సీసాలు చాలా తక్కువ వస్తాయి, ధర కూడా ఎక్కువ. దొరికితే కొని దాచుకోండి, మొదటి సీసాగా మాత్రం తెరవొద్దు. పినో న్వార్ ఇష్టమైతే సాన్-సాన్దూలో ఫ్రెడెరిక్ గునాన్ డొమేన్ "లార్బ్ర్ బ్లాన్" సీసా అడగండి.

4. లేబుల్ చదవండి

వీళ్ళలో చాలామంది "కోత్ దోవెర్న్" అనే అధికారిక పేరు వాడరు. లేబుల్ మీద "వాన్ ద ఫ్రాన్స్", అంటే ఫ్రాన్స్ వైన్, అని మాత్రమే ఉంటుంది. అది తక్కువ రకం అని కాదు, అధికారిక పేరుకి ఉండే నియమాల్లో ఇమడటం ఇష్టంలేక వదులుకున్నారు. ఆ పేరు లేనప్పుడు ప్రాంతం పేరు పెద్దగా రాయకూడదు కాబట్టి, అడుగున చిన్న అక్షరాల్లో పోస్టల్ కోడ్ వెతకండి. 63తో మొదలైతే పుయ్-ద-డోమ్ జిల్లా.

ఒక్క జాగ్రత్త. మంచుకి పంట పోయిన ఏళ్ళలో కొందరు వేరే ప్రాంతాల నుంచి పండు కొని ఇక్కడ వైన్ చేస్తారు. అందులో మోసం లేదు, చాలామంది ఆ సంగతి లేబుల్ మీదే రాస్తారు. ఓవెర్న్ నేల రుచే కావాలంటే మాత్రం షాపువాళ్ళని "ఇది సొంత తోట పండేనా?" అని సూటిగా అడగండి.

"నేచురల్" అన్న మాట ఎవరైనా వాడుకోవచ్చు. పూచీ కావాలంటే "వాన్ మెతోద్ నాచుర్" ముద్ర చూడండి. 2020లో ఫ్రాన్స్‌లో గుర్తింపు వచ్చింది. సేంద్రియ పండు, చేత్తో కోత, సొంత ఈస్ట్, ఇంకేమీ కలపకపోవడం దాని షరతులు. ముద్ర రెండు రకాలు: సల్ఫైట్లు అసలు వేయనిది, లీటరుకి 30 మిల్లీగ్రాముల లోపు ఉన్నది. మామూలు ఎర్ర వైన్‌లో యూరప్ నియమం 150 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంటుంది. మంచి రైతులు కొందరు ఈ ముద్ర కూడా తీసుకోరు, కాబట్టి అది లేనంత మాత్రాన పక్కన పెట్టకండి. సల్ఫైట్లు లేవు కాబట్టి తలనొప్పి రాదని ఎవరైనా అంటే నమ్మకండి, ఆల్కహాల్ ఆల్కహాలే.

సొంత ఈస్ట్ అంటే ఏమిటో మనకి విడమరిచి చెప్పక్కర్లేదు. కల్లుకి ఎవరూ ఈస్ట్ వెయ్యరు. చెట్టు మీద, లొట్టిలో, గాలిలో ఉన్నదే పులియబెడుతుంది. పొద్దున తియ్యగా ఉన్నది సాయంత్రానికి పులుస్తుంది, ఈ చెట్టు కల్లు ఆ చెట్టు కల్లులా ఉండదు. చెట్టు కల్లుకీ మందు కల్లుకీ తేడా తెలిసినవాళ్ళకి ఈ రైతుల పట్టుదల ఇట్టే అర్థమవుతుంది.

5. ఇంటికి తెచ్చాక ఆగండి

సల్ఫైట్లు లేని వైన్‌కి వేడి శత్రువు. కారు డిక్కీలో ఒక మధ్యాహ్నం చాలు పాడవడానికి. 15 డిగ్రీల లోపు ఉండే చోట నిలవ చేయండి, లేకపోతే ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. ప్రయాణం చేసి వచ్చిన సీసాని కనీసం ఒక వారం కదపకుండా నిలబెట్టండి. మడ్డి అడుగుకి దిగుతుంది, కుదుపుకి చెదిరిన వైన్ కుదుటపడుతుంది. ఈ వారం నేను ఎన్నిసార్లు ఎగ్గొట్టానో అన్నిసార్లూ వైన్ వాసన, రుచి విచ్చుకోకుండా ముడుచుకునే ఉంది.

6. తెరవడం, ముఖ్యంగా బుడగల సీసా

పులియడం పూర్తికాకముందే సీసాలో పోసి మూత వేస్తే, మిగిలిన చక్కెర లోపలే పులిసి గ్యాస్ అవుతుంది. దాన్నే పెట్-నాట్ అంటారు. పైన సోడా సీసా మూతలాంటి మూత ఉంటుంది. చూడటానికి సాధుగా ఉంటుంది, లోపల ఒత్తిడి మాత్రం తక్కువేమీ కాదు.

ఒకసారి స్నేహితులు భోజనానికి వస్తే, అప్పుడే సంచిలోంచి తీసిన సీసాని హాల్లో సోఫా ముందు తెరిచాను. ఓపెనర్ సగం ఎత్తేలోపే గులాబీ నురగ నా మోచేతి దాకా వచ్చింది. సగం సీసా తివాచీ మీద పోయింది. ఆ మరక ఇప్పటికీ ఉంది.

అప్పటినుంచి చేసే పద్ధతి ఇది. సీసా 24 గంటలు ఫ్రిజ్‌లో నిలబడి ఉండాలి, పడుకోబెట్టకూడదు. కిచెన్ సింక్ దగ్గర, పక్కన గ్లాసు పెట్టుకుని తెరవండి. ఓపెనర్‌తో మూత అంచుని ఒక్క చోట వెంట్రుకవాసి ఎత్తండి. "స్‌స్" అని చప్పుడు వస్తుంది, సీసా మెడలో నురగ లేస్తుంది. అది గొంతు దాకా వస్తే మూత మళ్ళీ నొక్కి పట్టుకోండి. నురగ దిగాక మళ్ళీ ఎత్తండి. రెండు నిమిషాలు పడుతుంది. తొందరపడకపోతే చుక్క కూడా పోదు.

మడ్డి ఇష్టం లేకపోతే మెల్లగా వంచి పోయండి, చివరి రెండు వేళ్ళ ఎత్తు సీసాలో వదిలేయండి. నాకైతే మొదటి గ్లాసు తేటగా, చివరి గ్లాసు మడ్డితో తాగడం ఇష్టం. రెండూ రెండు వేరే వైన్‌లలా ఉంటాయి.

చల్లదనం సంగతి. బుడగలకి 7 డిగ్రీలు, తెల్లదానికి 11, గమే ఎరుపుకి 14. ఎర్ర వైన్‌ని రూమ్ టెంపరేచర్‌లో తాగాలన్నది మన ఇళ్ళకి పనికిరాని సలహా. ఫ్రిజ్‌లో ముప్పావు గంట పెట్టి తీయండి.

7. గ్లాసులో ఏం జరుగుతోందో గమనించండి

మూత తీయగానే కుళ్ళిన గుడ్డు వాసనో, గీసిన అగ్గిపుల్ల వాసనో వస్తే కంగారు పడకండి. గాలి లేక ముడుచుకున్న వాసన అది. జగ్గులోకి ఒంపి అరగంట వదిలేయండి, చాలావరకు పోతుంది. నాలుక మీద సన్నగా చిమచిమలాడితే లోపల కాస్త గ్యాస్ మిగిలిందని అర్థం. సల్ఫైట్లకి బదులు కాపలాగా రైతు కావాలనే ఉంచి ఉండొచ్చు. వద్దనుకుంటే ఒక గ్లాసు పోసుకుని, సీసా నోరు బొటనవేలితో మూసి, ఊపి వదలండి.

నెయిల్ పాలిష్ లేదా వెనిగర్ వాసన లీలగా ఉంటే వైన్‌కి చురుకునిస్తుంది. ముక్కు వెనక్కి తీసుకునేంత ఉంటే అది తప్పే. గొడ్ల సావిడి వాసన కొందరికి ఇష్టం. పండు వాసనని అది మింగేయనంత వరకు నాకూ ఇబ్బంది లేదు.

తెలుసుకోవాల్సిన అసలు తప్పు "సురీ", అంటే ఎలుక. ఇది ముక్కుకి అందదు. వైన్ పులుపులో ఉన్నంతసేపు ఆ వాసన పైకి లేవదు. మింగాక నోటి లాలాజలంలో పులుపు తగ్గుతుంది, అప్పుడు లేస్తుంది. అందుకే మింగి, గాలి పీల్చి, 20 సెకన్లు ఆగండి. ఎలుకలు తిరిగిన బియ్యపు మూట వాసన, లేదా మాడిన పాప్‌కార్న్ లాంటిది నోట్లో మెల్లగా వచ్చి కూర్చుంటే అదే. అనుమానంగా ఉంటే ఒక చుక్క చేతి వెనక రుద్ది వాసన చూడండి. జగ్గులో పోసినా ఇది పోదు, గాలి తగిలేకొద్దీ ఎక్కువవుతుంది. ఒంటికి హాని లేదు కానీ తాగలేరు. ఒక షాపులో నాకు ఇలాంటి సీసా ఇచ్చి, "నేచురల్ అంటే ఇలాగే ఉంటుంది" అని సర్దిచెప్పారు. ఒప్పుకోకండి. సల్ఫైట్లు లేకుండా శుభ్రమైన వైన్ చేయడానికి సెల్లార్‌లో గొట్టం గొట్టం కడుక్కుంటూ, రోజూ రుచి చూస్తూ కష్టపడే రైతుని ఆ మాట అవమానిస్తుంది. తెరిచిన సీసా తిరిగి తీసుకెళ్ళి మర్యాదగా చూపించండి. మంచి షాపులు మారుస్తాయి.

ఏ తప్పూ లేని ఓవెర్న్ గమే ఎలా ఉంటుంది? మొదట ఎర్రటి పండ్ల వాసన. తర్వాత, గ్లాసుని రెండు మూడు సార్లు తిప్పాక, మిరియాలు. ఎవరో పక్క గదిలో రోట్లో దంచుతున్నంత స్పష్టంగా వస్తుంది. దానికి కారణం రొటుండోన్ అనే పదార్థం, మన మిరియాల వాసనలో ఉండేది కూడా అదే. చల్లటి చోట పండిన ద్రాక్ష తొక్కలో తయారవుతుంది. పెపెరైట్ రాతి మీద మిరియాలు, గ్లాసులో మిరియాలు. రెండిటికీ సంబంధం లేకపోయినా ఆ పోలిక నన్ను ఇప్పటికీ వదలదు.

8. పక్కన ఏం పెట్టాలి

అక్కడివాళ్ళు సెన్-నెక్తేర్ జున్నుతో తాగుతారు, అది అక్కడి పచ్చిక బయళ్ళ ఆవుల పాలతో చేసింది. దానికి మించిన జోడీ లేదు. మన తిండిలోకి వస్తే, ఈ గమేలో వగరు తక్కువ, పులుపు ఎక్కువ, చల్లగా తాగుతాం కాబట్టి మసాలాతో గొడవ పడదు. మిరియాల కోడి వేపుడుతో నేను చాలాసార్లు తాగాను, బాగా కుదురుతుంది. ఉల్లి పకోడీకి బుడగల రోజే పెట్టండి. ఆవకాయకి మాత్రం ఏ వైన్ వద్దు, మజ్జిగే నయం.

9. తోటకి వెళ్ళాలంటే

పారిస్‌లోని బెర్సీ స్టేషన్ నుంచి క్లెర్మోన్‌కి రైల్లో మూడున్నర గంటలు. అక్కడి నుంచి కారు కావాలి. రైతులకి టేస్టింగ్ రూములు, కౌంటర్లు ఉండవు. ముందు మెయిల్ పెట్టి, ఒప్పుకుంటేనే వెళ్ళండి. సెప్టెంబర్ కోతల్లో అడగొద్దు.

నేను వెళ్ళిన ఒక చోట సెల్లార్ అంటే ఇంటి కింద గుహ లాంటి గది. రైతు గాజు గొట్టంతో పీపాలోంచి తీసి నా గ్లాసులో పోశాడు, తనూ పోసుకున్నాడు, ఏమీ మాట్లాడలేదు. నేను మింగాక మళ్ళీ గ్లాసు వైపు చూపించాడు, ఆగమన్నట్టు. రెండు నిమిషాలకి అదే వైన్ వేరేగా ఉంది. "ఇంకా నిద్రలోనే ఉంది, వచ్చే వసంతానికి లేస్తుంది" అన్నాడు. అప్పటికి పులియడం మొదలై ఏడాది దాటింది.

డ్రైవ్ చేసేవాళ్ళు ఉమ్మేయండి. అక్కడ అది మర్యాద తప్పినట్టు కాదు, అందరూ చేసేదే. ఫ్రాన్స్‌లో పరిమితి లీటరు రక్తానికి 0.5 గ్రాములు. వెళ్ళేటప్పుడు కనీసం మూడు సీసాలైనా కొనండి, మీ కోసం వాళ్ళు అరపూట పని ఆపుకుని ఉంటారు.

10. ఇండియాకి తెచ్చుకోవాలంటే

పెద్దవాళ్ళు ఒక్కొక్కరు 2 లీటర్ల దాకా సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. పెట్-నాట్ తేవద్దు. ఎరుపు తెచ్చుకోండి, బట్టల మధ్య చుట్టి, పైన ప్లాస్టిక్ కవర్ వేయండి. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో దిగేటట్టయితే ఆ ప్రయాణానికి మానేయండి. డిసెంబర్‌లో తెచ్చి, వారం ఫ్రిజ్‌లో నిలబెట్టి, సంక్రాంతికి తెరవండి.

తెరిచిన రోజు సీసా మొత్తం ఖాళీ చేయకండి. మూడో వంతు ఉంచి, బిరడా పెట్టి, ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు సాయంత్రం ఒక గ్లాసు పోసుకుని పావుగంట బయట ఉంచి తాగండి. నిన్న లేని మిరియాలు చాలాసార్లు అప్పుడు వస్తాయి.